ఎంత తీశారో అడిగి, ఎంత తీయాలో అడగని రిటర్న్

అమెరికాలో 73 ఏళ్లు నిండినవారు రిటైర్మెంట్ ఖాతాల్లోంచి ఏటా కనీసం ఇంత అని డబ్బు తీసి తీరాలి. దీన్నే అక్కడివాళ్లు ఆర్‌ఎమ్‌డీ అంటారు. తీయకపోతే, తక్కువపడిన మొత్తంలో నాలుగో వంతు జరిమానా. నియమం ఇంత గట్టిగా ఉన్నప్పుడు, ఏటా ఏప్రిల్ 15 లోపు దాఖలు చేసే 1040 రిటర్న్‌లో దాన్ని పాటించారా లేదా అని అడిగే గడి ఒకటి ఉంటుందని ఎవరైనా అనుకుంటారు. అలాంటి గడి లేదు. ఐఆర్‌ఏ అనే సొంత రిటైర్మెంట్ ఖాతా నుంచి వచ్చింది ఎంత, అందులో పన్ను పడేది ఎంత అని 4ఎ, 4బి వరుసలు అడుగుతాయి. పెన్షన్లు, 401(కె) లాంటి ఉద్యోగ ప్లాన్ల గురించి 5ఎ, 5బి అదే అడుగుతాయి. ఎంత రావాల్సి ఉండిందో ఏ వరుసా అడగదు. ఖాతా సంస్థ పంపే 1099-ఆర్ ఫారం కూడా ఆ ఏడాది ఎంత బయటికి వచ్చిందో చెబుతుందే గాని, వచ్చినదాంట్లో చట్టం కోరిన వాటా ఎంతో చెప్పదు. బాధ్యత కచ్చితం, దాన్ని నమోదు చేసే చోటు మాత్రం ఖాళీ. ఈ ఖాళీని పూడ్చే భారం డెబ్బై, ఎనభై ఏళ్లవాళ్ల జ్ఞాపకశక్తి మీద పడింది. అది వాళ్లు మోయాల్సిన భారం కాదని, లెక్కకు కావలసిన అంకెలు ఎవరి చేతుల్లో ఉన్నాయో వాళ్లే మోయాలని నా వాదన.

ముందు ఈ నియమం ఎందుకు పుట్టిందో చూడాలి. 1974 నాటి ఎరీసా చట్టంతో ఐఆర్‌ఏ ఖాతాలు వచ్చాయి. సంపాదించే రోజుల్లో ఆ డబ్బుపై ఆదాయపు పన్ను వేయరు, లోపల పెరిగినదానిపైనా వేయరు, తీసినప్పుడు వేస్తారు. పన్ను వాయిదా వేసినది ముసలితనంలో ఖర్చుకు ఉంటుందని గాని, తరతరాలకు మూటకట్టి ఇవ్వడానికి కాదు. అందుకని 70½ ఏళ్ల గీత గీశారు. 2019 డిసెంబరులో వచ్చిన సెక్యూర్ చట్టం దాన్ని 72 చేసింది. 2022 డిసెంబరు నాటి సెక్యూర్ 2.0 చట్టం 2023 నుంచి 73 చేసి, 1960 లోనూ ఆ తర్వాతా పుట్టినవారికి 75 అంది. ఆ చట్టపు రాతలో పొరపాటు వల్ల 1959 లో పుట్టినవారికి 73, 75 రెండూ వర్తించేలా కనబడింది. 73 అని తేల్చే ప్రతిపాదిత నిబంధన 2024 జూలైలో గాని రాలేదు. మధ్యలో 2009 లో ఆర్థిక సంక్షోభం వల్ల, 2020 లో కోవిడ్ వల్ల ఆ ఏళ్ల ఆర్‌ఎమ్‌డీని పూర్తిగా రద్దు చేశారు. ఆయుర్దాయ పట్టికను 2022 నుంచి మార్చారు. జరిమానా 50 శాతం నుంచి 25 కి, త్వరగా సరిదిద్దుకుంటే 10 కి దిగింది. ఈ మార్పుల్లో చాలావాటిది మంచి ఉద్దేశమే, కాదనను. కానీ అన్నదమ్ములిద్దరు రెండు మూడేళ్ల తేడాతో పుడితే ఒక్కొక్కరిదీ ఒక్కో నియమం కావచ్చు. అన్న అనుభవం తమ్ముడికి పనికిరాదు. పెద్దలు ఒకరినొకరు అడిగి తెలుసుకునే దారే మూసుకుపోయింది.

లెక్క చూడ్డానికి తేలికే. కిందటి డిసెంబరు 31 న ఖాతాలో ఉన్న మొత్తాన్ని, ఈ ఏడాది నిండే వయసుకు పట్టికలో ఉన్న అంకెతో భాగించాలి. ఆ అంకె 73 ఏళ్లకు 26.5, 75 కు 24.6, 80 కి 20.2, 90 కి 12.2. జీవిత భాగస్వామి ఒక్కరే వారసులై, పదేళ్ల కంటే ఎక్కువ చిన్నవారైతే వేరే పట్టిక. చిక్కంతా ఖాతాలు ఒకటికి మించినప్పుడు మొదలవుతుంది. 1950 లో పుట్టి, విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పి రిటైరైన ప్రొఫెసర్ ఉన్నారనుకుందాం. రెండు ఐఆర్‌ఏలు: ఒకదాంట్లో 3,20,000 డాలర్లు, మరోదాంట్లో 1,80,000. పాత ఉద్యోగం తాలూకు 403(బి) ఖాతాలో 2,46,000. 2025 కు ఆయన తీయాల్సింది ఐఆర్‌ఏల వైపు 20,325 డాలర్లు, 403(బి) వైపు 10,000. మొత్తం 30,325. రెండు ఐఆర్‌ఏల వాటా కలిపి ఏదో ఒకదాంట్లోంచి తీసుకోవచ్చు, ఆ వెసులుబాటు ఉంది. అది విన్న మనిషి మొత్తం 30,325 నీ పెద్ద ఐఆర్‌ఏ నుంచే తీసేస్తే? ఆయనకు ఒకే 1099-ఆర్ వస్తుంది. 4ఎ, 4బి వరుసల్లో 30,325 వేస్తారు, 5ఎ, 5బి ఖాళీగా వదిలేస్తారు. ఖజానాకు రావాల్సిన పన్ను పైసా తగ్గకుండా వచ్చింది. రిటర్న్‌లో తప్పు లేదు. అయినా 403(బి) వైపు 10,000 లోటు నిలిచింది, ఎందుకంటే 403(బి) వాటా 403(బి) నుంచే రావాలి. దానిపై జరిమానా 2,500, సకాలంలో సరిదిద్దుకుంటే 1,000. ఐఆర్‌ఏ నుంచి ఎక్కువ తీసిన పదివేలు వచ్చే ఏటికి చెల్లుబాటు కావు. 401(కె) ల సంగతి మరీ కఠినం: ఏ ప్లాన్ వాటా ఆ ప్లాన్ నుంచే. భార్యాభర్తల ఖాతాలు ఎన్నటికీ కలపకూడదు. ఇంకా ఉద్యోగంలో ఉన్నవారికి ఆ యజమాని ప్లాన్‌లో వాయిదా దొరుకుతుంది గాని, ఐఆర్‌ఏకు దొరకదు. సంస్థలో 5 శాతానికి మించి వాటా ఉన్నవారికి ఆ వాయిదా కూడా లేదు. సొంత క్లినిక్ నడుపుతూ డెబ్బై దాటాక కూడా రోగుల్ని చూస్తున్న మన డాక్టర్లు ఎంతోమంది సరిగ్గా ఈ చివరి కోవలోకి వస్తారు.

తీసిన డబ్బును రిటర్న్‌లో చూపించడంలోనూ ఫారాల మౌనం వల్ల నష్టపోయేది పన్ను కట్టేవారే. 1099-ఆర్ లో 1వ గడి మొత్తం చెబుతుంది, 2ఎ పన్ను పడే మొత్తం చెప్పాలి. ఐఆర్‌ఏల విషయంలో చాలాసార్లు 2ఎ లో కూడా మొత్తమే వేసి, పక్కన 2బి లో పన్ను పడే భాగం తేల్చలేదని టిక్కు పెడతారు. అంటే తేల్చుకోవాల్సింది మీరే. 1987 నుంచి, ఆదాయం ఎక్కువై మినహాయింపు రానివారు పన్ను కట్టిన డబ్బునే ఐఆర్‌ఏలో వేసుకోవడం మొదలుపెట్టారు. ఆ భాగంపై మళ్లీ పన్ను పడకూడదు. పడకుండా ఉండాలంటే ఆ భాగాన్ని నమోదు చేసే, ఏనాటి నుంచో దాఖలు చేస్తూ వచ్చిన 8606 ఫారాలు కావాలి. తీసిన ప్రతి డాలర్‌లో పన్ను కట్టిన భాగం ఎంతో దామాషాలో తేలుతుంది. ముప్పై ఏళ్లలో మూడు ఊళ్లు మారి, ఇద్దరు ముగ్గురు సీపీఏలను, అంటే పన్ను లెక్కలు చూసే అకౌంటెంట్లను, మార్చిన కుటుంబంలో ఆ కాగితాలు భద్రంగా ఉంటాయని ఆశించడం అన్యాయం. కాగితం లేకపోతే 2ఎ లో ఉన్న అంకెను 4బి లో దించేస్తారు, అదే డబ్బుపై రెండోసారి పన్ను కట్టేస్తారు. ఎవరూ ఆపి అడగరు. ఎక్కువ కట్టినవారిని అడగడానికి ఏ వ్యవస్థకూ తొందర ఉండదు.

దానాల విషయంలోనూ ఇదే కథ. 70½ దాటినవారు ఐఆర్‌ఏ నుంచి నేరుగా ధర్మసంస్థకు పంపించే సొమ్ము, అంటే క్యూసీడీ, ఆర్‌ఎమ్‌డీ కింద చెల్లుతుంది, ఆదాయంలో చేరదు. 2025 కు దీని పరిమితి 1,08,000 డాలర్లు. పైన చెప్పిన ప్రొఫెసర్ తన 20,325 లో 8,000 నేరుగా గుడికి పంపిస్తే, 4ఎ లో 20,325, 4బి లో 12,325 వేసి, అది క్యూసీడీ అని ఆ వరుసలో గుర్తించాలి. ఆయనకొచ్చే 1099-ఆర్ చాలాకాలంగా ఈ తేడా చెప్పకుండానే వస్తోంది. దానాన్ని విడిగా సూచించే కోడ్ ఇటీవలే వచ్చింది. ట్యాక్స్ చేసేవారికి నోటితో చెప్పకపోతే ఎనిమిదివేలపై పన్ను పడిపోతుంది. తెలుగువారు ఇక్కడ మరో సంగతి గుర్తుంచుకోవాలి. పిట్స్‌బర్గ్ వేంకటేశ్వరాలయం లాంటి, అమెరికా చట్టం కింద ధర్మసంస్థగా నమోదైన గుడికి పంపితే చెల్లుతుంది. తిరుమలకు నేరుగా పంపినా, సొంతూరి బడికి పంపినా దానమే అవుతుంది గాని క్యూసీడీ కాదు. డబ్బు ముందు తమ బ్యాంకు ఖాతాలోకి తెచ్చుకుని తర్వాత చెక్కు రాసినా కాదు.

ఇక మొదటి ఏడాది. మొదటి ఆర్‌ఎమ్‌డీ మాత్రం మరుసటి ఏప్రిల్ 1 దాకా ఆపుకోవచ్చు. 1952 లో పుట్టినవారికి 2025 లో 73 నిండుతాయి. వాళ్లు 2025 వాటాను 2026 మార్చిలో తీస్తే, 2026 వాటాను కూడా ఆ డిసెంబరులోపే తీయాలి. రిటర్న్ డబ్బు చేతికొచ్చిన ఏడాదినే లెక్కపెడుతుంది కాబట్టి రెండూ 2026 ఆదాయంలోనే కలుస్తాయి. సౌకర్యంగా కనిపించిన గడువు పై శ్లాబులోకి నెడుతుంది. అక్కడితో ఆగదు. సోషల్ సెక్యూరిటీ పింఛనులో ఎంత భాగంపై పన్ను పడాలో తేల్చడానికి 1983 లో పెట్టిన 25,000, 32,000 డాలర్ల గీతలు ద్రవ్యోల్బణంతో కదలకుండా నేటికీ అక్కడే ఉన్నాయి. ఆర్‌ఎమ్‌డీ చేరగానే పింఛనులో 85 శాతం దాకా పన్ను పరిధిలోకి రావచ్చు. మెడికేర్ ప్రీమియం రెండేళ్ల కిందటి ఆదాయాన్ని బట్టి పెరుగుతుంది: 2025 ప్రీమియానికి 2023 ఆదాయం ఒంటరివారికి 1,06,000, దంపతులకు 2,12,000 డాలర్లు దాటితే అదనపు వడ్డింపు. ఒక మార్చి నెలలో తీసుకున్న నిర్ణయం తాలూకు బిల్లు రెండేళ్ల తర్వాత వేరే శాఖ నుంచి వస్తుంది. ఇది హెచ్చరించగల చోటు రిటర్న్ ఒక్కటే, అదేమో నోరు విప్పదు.

దీనికి మొదటి అభ్యంతరం గట్టిదే. దశాబ్దాలపాటు పన్ను వాయిదా ప్రయోజనం పొందినవారు, ఏడాదికొకసారి ఒక భాగహారం చేసుకోలేరా? ఆర్‌ఎమ్‌డీ బాధ ఖాతాలో డబ్బున్నవారి బాధే కదా? వాయిదా మేలే, సందేహం లేదు. అందుకు బదులుగా వాళ్లు ఒప్పుకున్నది పన్ను కట్టడానికి. చట్టం ఎన్నిసార్లు మారినా ఎవరూ చెప్పకుండానే తెలుసుకుంటామని ఒప్పుకోలేదు. పైగా ఈ లోటుపాట్ల గురించి ట్రెజరీ శాఖలో పన్నుల పాలనను తనిఖీ చేసే విభాగం ఒకటికి రెండుసార్లు నివేదికల్లో ఎత్తిచూపింది. అమెరికా కాంగ్రెస్ కూడా ఈ సంగతి గ్రహించిందనడానికి సెక్యూర్ 2.0 లోనే ఆధారం ఉంది. ఆర్‌ఎమ్‌డీ తక్కువైతే 5329 ఫారం దాఖలు చేయాలి. ఆ చట్టం రాకముందు, 5329 వేయనివారి విషయంలో జరిమానా విధించే కాలపరిమితి అసలు మొదలయ్యేదే కాదు; పదిహేనేళ్ల కిందటి లోటును తవ్వి తీసినా అడ్డులేదు. తప్పు జరిగిందని తెలియనివారు తప్పు ఒప్పుకునే ఫారం ఎలా వేస్తారు? ఇప్పుడు మామూలు రిటర్న్ దాఖలు నుంచే మూడేళ్ల గడువు మొదలవుతుంది. అంటే జనానికి ఆ ఫారం ఉన్నట్టే తెలియదని చట్టమే ఒప్పుకుంది. ఒప్పుకుని గడువు సరిదిద్దింది, ఫారాన్ని మాత్రం అలాగే వదిలేసింది.

జరిమానా తగ్గిందిగా, మాఫీ కూడా ఉందిగా అనేది మరో మాట. నిజమే. సమంజసమైన కారణం ఉంటే, లోటును పూడ్చి, 5329 లో మాఫీ కోరి, కారణం వివరిస్తూ లేఖ జతచేయవచ్చు; నిర్ణయం వచ్చేదాకా కట్టక్కర్లేదు. ఉదారమైన ఏర్పాటే ఇది. కానీ లోటు ఉందని కనిపెట్టగలిగినవారికే అందుతుంది. మతిమరుపు మొదలైన మనిషికి, ఖాతాల లెక్కంతా చూసిన భర్త పోయాక కాగితాల కట్టతో మిగిలిన భార్యకు ఈ మాఫీ అక్కరకు రావాలంటే, ఎవరో ఒకరు ముందు ఆ లోటును పట్టుకోవాలి. అందరికంటే ఎక్కువ అవసరమైనవారికి అందరికంటే ఆలస్యంగా అందే దయ ఇది.

అయితే ఖాతా సంస్థలు చెబుతూనే ఉన్నాయి కదా అంటారు. ఐఆర్‌ఏ ఉన్నవారికి ఏటా జనవరి 31 లోపు ఆ సంస్థ నోటీసు పంపాలి: ఈ ఏడాది వాటా ఇంత అనైనా చెప్పాలి, లేదా అడిగితే లెక్కకట్టి ఇస్తామనైనా చెప్పాలి. ఏడాది చివరి నిల్వ, వచ్చే ఏడు ఆర్‌ఎమ్‌డీ ఉందన్న టిక్కు 5498 ఫారంలో పన్ను వసూలు చేసే ఐఆర్‌ఎస్‌కు వెళతాయి. చాలా సంస్థలు కోరితే డబ్బు వాటంతటవే పంపుతాయి, 401(కె) ప్లాన్లు తమంతట తామే లెక్కకట్టి ఇస్తుంటాయి. ఒకే సంస్థలో ఒకే ఖాతా ఉన్నవారికి సమస్య దాదాపు తీరినట్టే. వాళ్లకు నేను చెప్పే మార్పు అవసరం తక్కువ. కానీ ఏ సంస్థ అయినా తన దగ్గరున్నదే లెక్కకడుతుంది. రెండో సంస్థలో ఏముందో దానికి తెలియదు. అమ్మానాన్నల నుంచి వచ్చిన ఖాతా ఉంటే మరీ. 2019 తర్వాత సంక్రమించిన ఖాతాలను చాలామంది వారసులు పదేళ్లలో ఖాళీ చేయాలి. ఆ పదేళ్లలో ఏటా కూడా తీయాలా అన్నది తేలక ఐఆర్‌ఎస్ 2021 నుంచి 2024 దాకా జరిమానా ఆపింది, 2024 జూలైలో తుది నిబంధనలిచ్చి 2025 నుంచి అమలు చేసింది. ఖాతాదారు తన ఆర్‌ఎమ్‌డీ గడువు మొదలయ్యాక చనిపోతే ఏటా తీయాలి, ముందే చనిపోతే పదో ఏడు ముగిసేలోపు తీస్తే చాలు. ఈ మెలిక తెలియాలంటే పోయినవారి పుట్టిన తేదీ, పోయిన తేదీ, ఆనాటి చట్టం మూడూ కావాలి. ఒక్క జనవరి నోటీసుతో అయ్యే పని కాదు.

ఆర్‌ఎమ్‌డీనే ఎత్తేస్తే గొడవ వదులుతుందనేవారూ ఉన్నారు. వయసును 75 దాకా జరుపుకుంటూ పోవడం ఆ దిశలో అడుగులే. నేను ఒప్పుకోను. ఎత్తేస్తే అందరికంటే లాభపడేది ఆ డబ్బుతో పనిలేనంత ఉన్నవారు. మిగతావాళ్లు ఎలాగూ ఖర్చుకు తీసుకుంటూనే ఉంటారు. నియమం న్యాయమైనదే. అమలు చేసే తీరులో అన్యాయముంది.

భారతదేశానికి తిరిగొచ్చి స్థిరపడిన తెలుగువారికి ఈ మౌనం రెండింతలవుతుంది. అమెరికా పౌరసత్వం ఉంటే హైదరాబాద్‌లో ఉన్నా విజయవాడలో ఉన్నా 1040 తప్పదు, ఆర్‌ఎమ్‌డీ తప్పదు. పౌరసత్వం, గ్రీన్‌కార్డు లేనివారికి 1099-ఆర్ బదులు 1042-ఎస్ వస్తుంది. భారత్-అమెరికా పన్ను ఒప్పందం లాభం కోరుతూ డబ్ల్యూ-8బెన్ ఇవ్వకపోతే 30 శాతం అక్కడే కోసేస్తారు. రెండు దేశాల ఒప్పందంలో 20వ అధికరణం ప్రైవేటు పెన్షన్‌పై పన్ను నివాస దేశానిదేనంటుంది, కానీ పెన్షన్ అంటే చేసిన ఉద్యోగానికి కాలక్రమంలో విడతలుగా వచ్చే చెల్లింపు అని నిర్వచిస్తుంది. ఒక్కసారిగా తీసిన మొత్తానికి అది వర్తిస్తుందా అన్న వాదన అక్కడే మొదలవుతుంది. ఇటు భారత్ వైపు, ఖాతా లోపల ఏటా పెరిగినదానిపై కాక తీసిన ఏడాదే పన్ను పడేలా 2021 ఆర్థిక చట్టం 89ఎ సెక్షన్ తెచ్చింది. అది వర్తించే దేశాలుగా 2022 లో అమెరికా, బ్రిటన్, కెనడాలను ప్రకటించారు. దానికి 10ఈఈ ఫారం రిటర్న్ గడువులోపే వేయాలి, ఒకసారి వేశాక వెనక్కి తీసుకోలేరు. అమెరికాలో కట్టిన పన్నుకు క్రెడిట్ కావాలంటే ఫారం 67. విదేశీ ఆస్తుల పట్టికలో ఖాతాలను ఏటా చూపాలి, చూపకపోతే నల్లధనం చట్టం కింద పది లక్షల జరిమానా పడవచ్చు. అమెరికా లెక్క జనవరి నుంచి డిసెంబరు, మనది ఏప్రిల్ నుంచి మార్చి. ఫిబ్రవరిలో తీసిన ఆర్‌ఎమ్‌డీ ఒక దేశంలో ఒక ఏడాది, ఇంకో దేశంలో ఇంకో ఏడాది అవుతుంది. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం అమల్లోకి వస్తుంది కాబట్టి ఈ సెక్షన్ల అంకెలు కూడా మారతాయి. ఇన్నిటి మధ్య, అసలు ఎంత తీయాలన్న మొదటి ప్రశ్నకే ముద్రించిన జవాబు లేకపోతే మిగతా ఫారాలు ఏ అంకె మీద నిలబడతాయి?

చేయాల్సింది పెద్దదేమీ కాదు. జనవరి నోటీసులో అంకె ఇవ్వడాన్ని ఐచ్ఛికం కాకుండా తప్పనిసరి చేసి, ఆ అంకెను 5498 లో ఐఆర్‌ఎస్‌కూ పంపాలి. 403(బి) ఖాతాలకూ అలాంటి కాగితం ఉండాలి. 1040 లో, ఒక్కో రకం ఖాతాకు తీయాల్సింది ఎంత, తీసింది ఎంత అని రెండు గడుల వరుస పెట్టాలి. పేజీ పొడుగవుతుందని అభ్యంతరం చెప్పవచ్చు. 65 దాటినవారి కోసం 2019 పన్ను సంవత్సరం నుంచి 1040-ఎస్‌ఆర్ అని విడిగా ఒక రిటర్న్ ఉంది. అక్షరాలు పెద్దవి చేశారు, ప్రశ్నలు మాత్రం అవే ఉంచారు. ఈ వరుసకు అంతకంటే తగిన చోటు లేదు. భార్య వయసు లాంటివి ఖాతా సంస్థకు తెలియకపోవచ్చు గనక అంకె తప్పు కావచ్చనేది సరైన సందేహమే. కావచ్చు. అప్పుడు మనిషి ఆ అంకెను సరిదిద్దుతారు. ముద్రించిన అంకెను సరిదిద్దడం, ఖాళీ గడిలో లెక్కను ఊహించడం కంటే ఎంతో సులువు. దీనికి కాంగ్రెస్ కొత్త చట్టం చేయక్కర్లేదు: నోటీసులో అంకె ఇవ్వవచ్చు, లేదా లెక్క కట్టి ఇస్తామని చెప్పి ఊరుకోవచ్చు అన్న ఆ రెండు దారుల ఏర్పాటు 2002 లో ఐఆర్‌ఎస్ స్వయంగా జారీ చేసిన 2002-27 నోటీసుతోనే వచ్చింది.